రేయ్ చంటీ, నా తొట్టికి ఎరువేశాను

ప్లేనో, టెక్సస్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ చంటీ,

తిట్టుకుంటూనే చదువుతావని తెలుసు. సంక్రాంతికి నువ్వు పెట్టిన మెసేజ్‌కి ఉగాది దాటాక జవాబు రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే చెరువు గట్టు మీద నీకు సిగ్నల్ ఉండదు, ఉన్నా ఎరేటర్ల మోతలో సగం వినబడదు. పైగా ఇది నా చేపల తొట్టి కథ, ఫోన్లో తేలేది కాదు. గరాజ్‌లో ఆర్ఓ నీళ్ళకి బకెట్ పెట్టి వచ్చాను. అయిదు గ్యాలన్లు నిండటానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర నీదే.

మామూలు కబుర్లు గబగబా: అమ్మ మోకాలి ఆపరేషన్ అయింది, కర్ర లేకుండా నడుస్తోంది. ఉద్యోగం ఉంది, ఈ రోజుల్లో అదే గొప్ప. బుజ్జిదానికి ముందు పన్ను ఊడింది. రొయ్య రేటు మళ్ళీ పడిందని విన్నాను, కాబట్టి చెల్లెమ్మ గాజుల సంగతి అడగను. కబుర్లు అయిపోయాయి.

నా ఉప్పునీటి తొట్టి గుర్తుందిగా, "పులుసుకి పనికిరాని చేపలకి ఇంత ఖర్చా" అని నువ్వు నవ్వావే, అదే. 75 గ్యాలన్లు, అంటే 280 లీటర్ల పైమాటే. కిందటి దసరాకి రాళ్ళ మీద పచ్చటి పీచునాచు లేచింది. వేళ్ళతో పట్టి లాగితే జడపాయలా ఊడొచ్చేది, నాలుగు రోజుల్లో మళ్ళీ అంతే. పగడాల మొదళ్ళని కమ్మేస్తుంటే నాకు పంతం పట్టింది. నాచుకి తిండి నైట్రేటూ ఫాస్ఫేటూ, ఆ రెండూ దొరక్కుండా చేస్తే సరి అనుకున్నాను. చేపలకి మేత సగానికి తగ్గించాను. ఫాస్ఫేట్ పీల్చేసే ఇనుప గుళికలు దొరుకుతాయిలే, తుప్పు రంగులో కాఫీపొడిలా ఉంటాయి, అవి ఫిల్టర్‌లో పోశాను. నురగతో నీటిలో మురికిని లాగేసే స్కిమ్మర్ పెంచాను. వారం వారం నీళ్ళు మార్చాను. క్రిస్మస్ నాటికి నాచు మాయం. టెస్ట్ కిట్‌లో నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. "అద్దం!" అని నీకో ఫోటో కూడా పెట్టాను. నువ్వు ఒక బొటనవేలు పెట్టి ఊరుకున్నావు. తెలిసే పెట్టావా ఆ బొటనవేలు?

జనవరిలో ఇసుక మీద గోధుమరంగు దుమ్ము కనపడింది. కొత్త తొట్టికి అలాంటిది మామూలే, దానంతటదే పోతుంది. కానీ నాది కొత్తది కాదుగా. పది రోజులకి ఆ దుమ్ము కాస్తా చీమిడి అయింది. ఇంతకన్నా మర్యాదైన మాట దొరకలేదు. రాళ్ళ మీంచి తీగలు తీగలుగా సాగుతూ, తీగ కొసన ఒక గాలి బుడగ. రంగు అచ్చం కొడమంచిలి పెళ్ళి సాంబారే. పొద్దున లైట్లు వెలగకముందు చూస్తే ఇసుక తెల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. మధ్యాహ్నానికి మళ్ళీ ప్రత్యక్షం. పైపుతో లాగేస్తే సాయంత్రానికి తిరిగొచ్చేది, నీళ్ళు మారిస్తే ఇంకా బలిసేది.

తరవాత నత్తలు పోవడం మొదలైంది. నాచు తింటాయని ఆరు తెచ్చాను. బుజ్జిది అన్నిటికీ ఒకటే పేరు పెట్టింది, ఒకటో అప్పారావు నుంచి ఆరో అప్పారావు దాకా. గాజు మీద పాకుతూ పాకుతూ పట్టు తప్పి వెల్లకిలా పడేవి. తిరగేసి నిలబెట్టినా మర్నాటికి మళ్ళీ పడేవి. నాలుగో అప్పారావు పోయిన రోజు అది అన్నం తినలేదు. పూలకుండీలో పాతిపెట్టాం, పైన గులకరాయి కూడా పెట్టింది. నవ్వకు. ఆ రాత్రి నేను కూడా... సరే, వదిలెయ్.

ఆ మర్నాడే బుజ్జిదాని మైక్రోస్కోప్ కిట్ బయటికి తీశాను. చీమిడి ఒక చుక్క గాజుపలక మీద వేసి చూద్దును కదా, వందలకొద్దీ నువ్వుగింజలు! నిజంగా నువ్వుగింజ ఆకారమే, ఒక కొస సన్నగా. ఆ కొసని ఒకచోట మేకు కొట్టినట్టు ఆనించి గిరగిరా తిరుగుతున్నాయి, గానుగెద్దుల్లాగ. పేరు ఆస్ట్రియాప్సిస్. డైనోఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవుల్లో ఒక రకం. వీటిలో విషం ఉంటుంది. 2005లో ఇటలీలో జెనోవా తీరాన ఇవి విపరీతంగా పెరిగితే, ఒడ్డున గాలి పీల్చినవాళ్ళు దాదాపు 200 మంది జ్వరం, దగ్గు, ఆయాసంతో వైద్యానికి పరుగెత్తారు. నేనేమో వారం రోజులుగా పైపుని నోటితో పీల్చి మరీ ఆ నీళ్ళు లాగుతున్నాను! నాకేమీ కాలేదులే. కానీ ఆ మాట మా ఆవిడ దగ్గర నోరుజారాను. తరవాతి అరగంట ఇక్కడ రాయను.

అసలు మాట ఇప్పుడు విను, దీనికోసమే ఈ ఉత్తరం. అవి ఎందుకొచ్చాయో తెలుసా? నేను శుభ్రం చేసినందుకు! నైట్రేటూ ఫాస్ఫేటూ రెండూ అడుగంటితే మామూలు నాచు, బ్యాక్టీరియా అన్నీ మాడిపోతాయి. రాళ్ళ మీద చోటు ఖాళీ అవుతుంది. వీటికి కరువంటే భయం లేదు, బ్యాక్టీరియాని మింగైనా బతుకుతాయి. ఖాళీ చోట కాపురం పెట్టేస్తాయి.

ఈ సంగతంతా చదివి తెలుసుకుంటుంటే నాకు బాబాయిగారు కళ్ళ ముందు నిలబడ్డారురా. ఇంటర్ సెలవుల్లో చెరువు నీళ్ళు చూసి "ఎంత తేటగా ఉన్నాయో" అన్నాను నేను. "మురిసిపోకు అబ్బాయ్, ఎండ అడుక్కి దిగితే అడుగునాచు లేస్తుంది" అని, రాత్రంతా నానబెట్టిన సూపర్ ఫాస్ఫేట్ మన ఇద్దరి చేతా చల్లించారు. నువ్వు జారి పడ్డావు. (రెండో గేటు కథ మాత్రం ఎత్తకు.) చెరువు లెక్క వేరు, తొట్టి లెక్క వేరు, ఒప్పుకుంటాను. అక్కడ నీటికి రంగొచ్చి అడుగుకి నీడ పట్టాలి, ఇక్కడ చోటుకి పోటీ పెరగాలి. అయినా ఇద్దరికీ మందు ఒకటే. ఆయనుంటే ఇవాళ ఫోన్ చేసి చెప్పేవాణ్ణి.

ఆ తుప్పు గుళికలు తీసి పారేశాను. మేత రెండు పూటలా వేశాను. సోడియం నైట్రేట్, ట్రైసోడియం ఫాస్ఫేట్ కరిగించి రోజూ కొలిచి పోశాను, నైట్రేట్ 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.1 దగ్గర నిలిచేదాకా. "మూడు నెలలు డబ్బు పెట్టి తీసింది ఇప్పుడు డబ్బు పెట్టి పోస్తున్నావా" అంది మా ఆవిడ. నీళ్ళు మార్చడం పూర్తిగా మానేశాను. విషాన్ని పీల్చేయడానికి ఫిల్టర్‌లో బొగ్గు పెట్టాను. మూడు రోజులు లైట్లు ఆర్పి తొట్టి మీద అమ్మ తెచ్చిన సోలాపూర్ దుప్పటి కప్పాను. ఈ రకం రాత్రి పూట రాళ్ళు వదిలి నీళ్ళలోకి లేస్తుంది, అప్పుడు యూవీ దీపం గుండా నీళ్ళు తిప్పితే చస్తుంది. ఇసుకలోనే దాక్కునే యాంఫిడీనియం అనే ఇంకో రకం అయ్యుంటే ఆ దీపం డబ్బులు దండగే. ఏ రకమో ముందే చూపించి, బుజ్జిదాని కిట్ ఆ రెండు వందల డాలర్లు దండగ కాకుండా కాపాడింది.

పన్నెండో రోజు గాజు మీద వేలు పెట్టి గీస్తే పచ్చగా అంటింది. పచ్చగా! నాచు వచ్చిందని ఇల్లంతా అరిచాను. దసరాకి ఏ నాచుని చూసి ఏడ్చానో అదే! అయిదో వారానికి చుక్కంతా వెతికితే నువ్వుగింజలు రెండే దొరికాయి, అవీ నీరసంగా తిరుగుతూ.

నష్టం లేకపోలేదు. సన్న కొమ్మల పగడం ఒకటి, పిచ్చుకగూడు అంటామే అది, మొదలు నుంచి తెల్లబడి పోయింది. విచిత్రం ఏంటంటే, పగడాల ఒంట్లో ఉండి, వెలుతురు తాగి, వాటికి అన్నం పెట్టేవి కూడా డైనోఫ్లాజెల్లేట్లే. ఒకే ఇంటిపేరు, ఒకడు అన్నదాత, ఒకడు అలాంటివాడు. మన వీధి చివర ఇద్దరు అన్నదమ్ములు గుర్తొచ్చారా? పేర్లు రాయను, ఉత్తరం చెల్లెమ్మ కూడా చదువుతుంది.

ఇప్పుడు పంపు పక్కన చిన్న పీచునాచు కుచ్చు లేచింది. లాగలేదు, ఉండనీ. ఏడో అప్పారావు నిన్ననే వచ్చాడు, వాడే చూసుకుంటాడు. అన్నట్టు నిన్ను ఒకటి అడగాలి, మీవాళ్ళు చెరువులో డయాటములు, అదే గోధుమరంగు సూక్ష్మ నాచు, రావాలని సిలికేట్ వేస్తారు కదా, దాని మోతాదు ఎకరానికి...

ఒరేయ్, గరాజ్‌లో నీళ్ళ చప్పుడు. టైమ్ చూసుకోలేదు, బకెట్ పొంగింది. మా ఆవిడ కూడా విన్నట్టుంది. ఉంటాన్రా—