శీనుగాడికి, సాగర్ అడుగున ఉన్న ఊరి గురించి

ఒరేయ్ శీనూ,

"నీళ్ళలో మునిగిపోయినదాన్ని కంప్యూటర్లో ఏం కాపాడతావురా?" అని నవ్వేసి ఫోన్ పెట్టేశావు. దానికి జవాబు ఫోన్లో తేలేది కాదులే, అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు. సగంలో వదిలేశావో, మళ్ళీ మీ ఇంటికొచ్చి కూర్చుని మరీ చెప్తాను.

నాగార్జునకొండ సంగతి నీకు తెలియంది కాదు. ఒకప్పుడు ఆంధ్రదేశాన్నేలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి సాగర్ నీళ్ళ కింద ఉంది. డ్యామ్ కట్టడం ఖాయమయ్యాక పురావస్తు శాఖకు చెందిన ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వింది. కొన్ని కట్టడాలను రాయి రాయీ ఊడదీసి కొండ మీదా, సాగర్ గట్టునున్న అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. తక్కినదంతా మునిగింది. ఇప్పుడు మనకు మిగిలిన విజయపురి అంటే రాళ్ళూ, ఫోటోలూ, కాగితాలూ. అవీ తలా ఒక చోట. శిల్పాలు కొండ మీది మ్యూజియంలో కొన్ని, ఢిల్లీలో కొన్ని, పారిస్ గీమే మ్యూజియంలో కొన్ని. తవ్వకాల రిపోర్టు మొదటి భాగం 1975లో వస్తే, అసలైన ఇక్ష్వాకుల కాలం ఉన్న రెండో భాగం 2006లో వచ్చింది. మన ఫైళ్ళ నడక నీకు తెలుసుగా!

నేను కంప్యూటర్లో చేసేది లింక్డ్ డేటా పని. అంటే ఈ చెల్లాచెదురైనవాటికి చుట్టరికం కలపడమే. ప్రతి కట్టడానికీ, శాసనానికీ, మనిషికీ ఆధార్ లాగా ఒక నంబరు ఇస్తారు. ఆ నంబర్ల మధ్య సంబంధాలు పొట్టి వాక్యాలుగా రాస్తారు. వికీపీడియా వాళ్ళదే వికీడేటా అనే సమాచార భండారం ఉంది, అందులో అయితే నువ్వైనా చేర్చొచ్చు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

చాంతిసిరినే తీసుకో. మహాచైత్యమనే పెద్ద బౌద్ధ స్తూపం కట్టించింది ఈ ఇక్ష్వాకు రాజకుటుంబం ఆడపడుచే. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో ఆరో ఏట వేసిన స్తంభ శాసనాల ప్రకారం ఆమె అతనికి మేనత్త. పాలనలో పద్దెనిమిదో ఏట వేసిన శాసనానికి వచ్చేసరికి అతను ఆమెకు అల్లుడు! మధ్యలో మేనరికం జరిగిపోయిందన్నమాట. మనకిది వింత కాదు గానీ, డేటాలో రెండు చుట్టరికాలూ రాయాలి, ఏది ఏ శాసనంలో ఉందో కూడా పక్కనే రాయాలి. లేకపోతే తర్వాత వచ్చినవాడెవడో ఒకటి తప్పనుకుని చెరిపేస్తాడు. ఫ్రాన్స్‌కి చెందిన ఎఫెయో సంస్థ పండితులు తొలి ఆంధ్రదేశ శాసనాలకు నంబర్లిచ్చి, పాఠాలు ఆన్‌లైన్లో పెట్టడంతో మన పని సగం తేలికైంది.

అనుపులో మెట్లమెట్లుగా ఉండే రంగస్థలం ఉందే, దాంతో ఇంకో తంటా. టూరిస్టు ఫోటోలన్నీ అనుపు అంటాయి, తవ్వకాల మ్యాపు లోయలో చూపిస్తుంది. రెండూ నిజమే. అందుకే రెండు చోట్లూ రాసి, ఏది ఎప్పటిదాకానో చెప్పాలి. నన్నడిగితే మునిగిన చోటే ముఖ్యం. రాయిని తరలించారు గానీ, దాని పక్కన ఏముండేదో తరలించలేదు కదా.

నవ్వొచ్చే సంగతొకటి. యునెస్కో 2001 ఒప్పందం ప్రకారం నీటి అడుగు వారసత్వం అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్ళు నీళ్ళలో ఉండాలి. సాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. ఆ లెక్కన మన విజయపురికి ఇంకా నలభై ఏళ్ళ సర్వీసు తక్కువ! అప్పటిదాకా ఆగితే ఫోటోలకు చెదలు పట్టేస్తాయి.

అసలు విషయానికొస్తాను. మీ తాతగారు డ్యామ్ పనిలో ఉన్నప్పటి ఆల్బమ్ మీ అటక మీదే ఉందా? నీళ్ళు నిండక ముందు లోయలో తీసినవి ఉంటే స్కాన్ చేసి పంపు. ఫోన్‌తో వంకరటింకరగా తీయకు. వెనక పెన్సిల్‌తో రాసిందేమైనా ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చెయ్యి. మీ నాన్నగారినడిగి, ఎవరైనా వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు రెండు ముక్కలు రాయించు, అది లేకుండా నేను ఎక్కించలేను. ఆల్బమ్ మీ బాబాయి గారింట్లో ఉందంటే మాత్రం ముందే చెప్పు, ఆయన్ని నేనే అడుగుతాను. నువ్వడిగితే ఆస్తి పంపకాల గొడవ మళ్ళీ మొదలవుతుంది.

నీ
రాజా