కార్ల రేవు ఉత్తరం ఒడ్డుకే మారాలి: షాపు నుంచి ఒక మాట

అందరికీ నమస్కారం.

మిన్నెసోటాలో మినియాపోలిస్ పక్కనున్న ప్లిమత్, మేపుల్ గ్రోవ్, ఈడెన్ ప్రెయిరీ నుంచి శని, ఆదివారాల్లో మన షాపుకొచ్చి, టీ తాగి, ఎర చేపలు తీసుకుని లేక్ మీదికి వెళ్ళే మీరందరూ ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "అక్కా, రేవు మారుస్తారట కదా, మీరు ఎటువైపు?" అని. కౌంటర్ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదిది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ముందు సంగతి చెప్తాను. చలికాలంలో గడ్డకట్టిన మన లేక్ మీదికి, చేపలు పట్టడానికి కార్లు, ట్రక్కులు దిగే రేవు ఇప్పుడు దక్షిణం ఒడ్డున, మన షాపుకి ఎదురుగా ఉంది. దాన్ని ఉత్తరం ఒడ్డుకి, ఎండాకాలంలో పడవలు దించే ర్యాంప్ దగ్గరికి మార్చాలని ఊరి పాలన చూసే టౌన్‌షిప్ బోర్డు ముందుకి ఒక ప్రతిపాదన వచ్చింది. రోడ్డు మీద వెళ్తే మన దగ్గర్నుంచి అది మూడున్నర మైళ్ళు. మార్చొద్దని ఇటువైపు వాళ్ళు సంతకాలు సేకరించారు. ఆ కాగితం మూడు వారాలు మన కౌంటర్ మీదే ఉంది, మొదటి సంతకం నాదే. మీలో చాలామంది నా మాట మీదే సంతకం పెట్టారు.

పోయిన సోమవారం నా సంతకం కొట్టేసి, ఆ కాగితం వాళ్ళకి తిరిగి ఇచ్చేశాను. రేవు మారాలనే నా అభిప్రాయం. నన్ను నమ్మి సంతకం పెట్టినవాళ్ళకి కారణం చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

ముందు నా తప్పు చెప్పాలి. నిరుడు ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే మన కస్టమర్ ఒకాయన భార్యని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని వచ్చారు. "కారు దించొచ్చా అక్కా?" అని అడిగారు. అంతకుముందు రోజే మన ఫిష్ హౌస్‌ల (ఐస్ మీద పెట్టి, లోపల కూర్చుని చేపలు పట్టుకునే అద్దె గదుల) దగ్గర, అంటే లేక్ మధ్యలో, ఐస్ కొలిచాను. పద్నాలుగు అంగుళాలుంది. "నిక్షేపంగా వెళ్ళండి" అన్నాను. ఇరవై నిమిషాలు కాలేదు, బయట మా ఆయన కేక వినిపించింది. ఒడ్డుకి ముప్పై అడుగుల దూరంలో వాళ్ళ కారు ముందు చక్రాలు ఐస్‌లోకి దిగబడిపోయాయి, వెనక భాగం పైకి లేచి ఉంది. నా గుండె జారిపోయింది. అక్కడ నీళ్ళు నడుము లోతే కావడం, అద్దాలు ముందే దించి ఉండడం వల్ల పిల్లల్ని వెనక కిటికీలోంచి తీసేశారు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

చిన్నమ్మాయి ఒక్క బూటుతో మన షాపులో హీటర్ ముందు నిలబడింది. రెండో కాలి సాక్సు తీసి, సింక్ దగ్గర పిండి, మా అమ్మాయి సాక్సు తెచ్చి తొడిగాను. ఆ పిండిన నీళ్ళ చల్లదనం ఇప్పటికీ నా వేళ్ళకి తెలుస్తూనే ఉంటుంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. రెండు వారాల తర్వాత వచ్చి ఎప్పటిలాగే టీ తాగి వెళ్ళారు.

నేను కొలిచిన అంకె నిజమే. కానీ కొలిచిన చోటు వేరు, కారు దిగిన చోటు వేరు. మన రేవు పక్కనే, వంద అడుగుల్లోపే, వాగు వచ్చి లేక్‌లో కలుస్తుంది. పైన ఎంత స్నో కప్పుకున్నా కింద నీళ్ళు పారుతూనే ఉంటాయి, పారే నీళ్ళు ఐస్‌ని కింది నుంచి అరగదీస్తూనే ఉంటాయి. మధ్యలో పద్నాలుగు అంగుళాలున్న రోజున వాగు మూతి దగ్గర ఏడు కూడా ఉండకపోవచ్చు. చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా తెల్లగా, చదునుగా ఉంటాయి. మరి అక్కడ రేవు ఎందుకు పెట్టారంటే, వెనకటికి రోడ్డు వచ్చి ఆగింది అక్కడే, ఒడ్డు పల్లంగా ఉంది, పక్కన షాపుంది. ఐస్ సంగతి చూసి ఎంచిన చోటు కాదు.

ఆ తర్వాత ప్రతి రోజూ పొద్దున మన పక్కింటి పెద్దాయనతో కలిసి కొలవడం మొదలుపెట్టాను. ఈ లేక్ మీద ఆయనకి యాభై ఏళ్ళ అనుభవం. ఐస్‌కి కన్నం వేసే చేతి ఆగర్‌తో బోరు వేసినట్టే తిప్పుకుంటూ పోవాలి. చివరి అంగుళం తెగగానే నీళ్ళు బుస్సున పైకొచ్చి కన్నం అంచు దాకా నిండుతాయి. అప్పుడు కొన వంచిన కొలత కర్ర లోపలికి దింపి, ఐస్ అడుగు అంచుకి తగిలించి చూడాలి. ఎంత మందమో చూడగానే ఆగిపోకూడదు, రంగు కూడా చూడాలని ఆయనే నేర్పారు. గాజులా నల్లగా కనిపించే ఐస్ గట్టిది. పాలు పోసినట్టు తెల్లగా ఉన్నది స్నో తడిసి మళ్ళీ గడ్డకట్టింది, దానికి సగం బలమే ఉంటుంది. డీఎన్ఆర్ (మన రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్ళు చెప్పే అంకెలు కొత్త నల్ల ఐస్‌కి: మనిషి నడవడానికి 4 అంగుళాలు, స్నోమొబైల్‌కి (స్నో మీద నడిపే బండికి) 5 నుంచి 7, చిన్న కారుకి 9 నుంచి 10, మధ్యరకం ఎస్‌యూవీకి 11 నుంచి 12, మధ్యరకం ట్రక్కుకి 13. తెల్ల ఐస్ అయితే దానికి రెట్టింపు కావాలి. మన వాగు పక్కన దొరికేది ఎక్కువగా తెల్ల ఐసే.

ఇంకో విషయం నాకు ఈ ఏడాదే అర్థమైంది. కారు బరువుకి ఐస్ కొద్దిగా కిందికి వంగుతుంది. బండి కదిలేకొద్దీ ఐస్ కింద నీళ్ళలో ఒక అల కూడా సాగుతుంది. వేగంగా వస్తే ఆ అల ఒడ్డు దగ్గర లోతు తగ్గిన చోట ఎదురు తిరిగి ఐస్‌ని విరిచేస్తుంది. అందుకే ఒడ్డు దగ్గర నెమ్మదిగా, కొంచెం ఏటవాలుగా రమ్మంటారు. మన రేవు దగ్గర ఆ కాస్త మేరలోనే వాగు ప్రవాహం కూడా ఉంది.

"అంతా బాగానే ఉంది, ఇన్నేళ్ళూ ఏమీ కాలేదుగా" అని ఇటువైపు వాళ్ళు అంటున్నారు. ఇన్నేళ్ళ చలి వేరు. 2023 డిసెంబర్ మిన్నెసోటాలో రికార్డుల్లోకెల్లా వెచ్చని డిసెంబర్. ఆ నెలాఖర్లోనే అప్పర్ రెడ్ లేక్ మీద ఐస్ పెద్ద ముక్కగా విడిపోతే వందమందికి పైగా జనాన్ని ఒడ్డుకి చేర్చాల్సి వచ్చింది. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ సీజన్లో మన ఫిష్ హౌస్‌లు షాపు వెనకాలే ఉండిపోయాయి, లేక్ ఎక్కనే లేదు.

మిల్ లాక్స్ లేక్ మీద చేసినట్టు ఐస్ మీద రోడ్డు వేసి, పగుళ్ళ మీద వంతెనలు పెట్టి, బండికింత అని వసూలు చేద్దామని కొందరన్నారు. అది లక్షా ముప్పై వేల ఎకరాల లేక్. చుట్టూ ఎన్నో రిసార్ట్‌లు, వాళ్ళకి స్నో తోసే ప్లవ్ ట్రక్కులు, మనుషులు ఉన్నారు. పైగా పగులు మీద వంతెన వేయొచ్చు గానీ, కింద వాగు పారుతుంటే దాని మీద వేసిన వంతెనకి ఆనుకోవడానికి ఐస్ ఏది?

ఉత్తరం ర్యాంప్ దగ్గర ప్రవాహం లేదు, గులకరాళ్ళ అడుగు, ట్రైలర్‌తో ట్రక్కు తిప్పుకునేంత పార్కింగ్ ఉంది. అయితే అక్కడ ఏడు ఇళ్ళున్నాయి, రోడ్డు సన్నం. వాళ్ళు గట్టిగా వద్దంటున్నారు. మొదట్లో నాకు వాళ్ళ మీద కోపం వచ్చింది, ప్రశాంతత కోసం ఇటువాళ్ళ మీదికి నెడుతున్నారనుకున్నాను. పోయిన వారం వాళ్ళలో ఒకావిడ నన్ను కాఫీకి పిలిచారు. డెబ్బై దాటిన మనిషి, ఒక్కరే ఉంటారు. పడకగది గోడ చూపించారు. కిటికీ సరిగ్గా ర్యాంప్ మలుపుకి ఎదురుగా ఉంది. తెల్లవారుజామున వచ్చే ప్రతి బండి హెడ్‌లైట్లూ ఆ గోడ మీద పడి మంచం మీదికి జారతాయి. "నాకు చేపలు పట్టేవాళ్ళంటే కోపం లేదు, నిద్ర కావాలంతే" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మలుపు దగ్గర వరసగా చెట్లు నాటాలని, అవి ఎదిగేదాకా చెక్క తడిక కట్టాలని బోర్డుకి రాసిస్తున్నాను. తడికకి అయ్యే ఖర్చులో సగం మన షాపు ఇస్తుంది.

ఇక మన పొట్ట సంగతి. దాపరికం లేకుండా చెప్తాను. మాకు ఏడాది మొత్తం మీద వచ్చే ఆదాయంలో దాదాపు సగం ఈ మూడు, నాలుగు నెలల్లోనే వస్తుంది. మీరు లేక్ మీదికి వెళ్తూ ఆగుతారు, వస్తూ ఆగుతారు, మధ్యలో హీటర్‌కి ప్రొపేన్ గ్యాస్ అయిపోతే మళ్ళీ వస్తారు. నిరుడు ఆ ప్రమాదం తర్వాత రేవు తొమ్మిది రోజులు మూసేశారు. అలా మూసి ఉన్నప్పుడు వచ్చిన శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేం అమ్మింది పాతిక టీలు. మిరపకాయ బజ్జీల పిండి సగం పారబోశాం. రేవు మారితే ప్రతి శనివారం అలాగే ఉంటుందేమోనని మా ఆయనకి కంటి మీద కునుకు లేదు. పన్నెండేళ్ళ కింద ఒంగోలులో పొలం అమ్మిన డబ్బు కూడా కలిపి కొన్న షాపు ఇది. ఆయన ఇంకా సంతకం కొట్టేయలేదు, దాని గురించి ఇంట్లో రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. నేను ఆయన్ని తప్పుపట్టను. కానీ పిల్లలతో వచ్చిన మనిషిని నా మాటతో మళ్ళీ ఆ వాగు మీదికి పంపలేను.

ఈ సీజన్లో మన షాపులో ఏం మారుతుందో చెప్తాను. బోర్డు ఏం నిర్ణయించినా మన ఆరు ఫిష్ హౌస్‌లు ఈసారి ఉత్తరం వైపే పెడుతున్నాం. తాళాలు మాత్రం షాపులోనే తీసుకోవాలి. వచ్చినప్పుడు టీ, ఇడ్లీ, ఎర అన్నీ ఒకేసారి తీసుకుంటే మాకూ బతుకు, మీకూ మళ్ళీ తిరిగే పని ఉండదు. శని, ఆదివారాలు పొద్దున 5కే తెరుస్తాం. మామూలు రోజుల్లో సాయంత్రం 8కి బదులు 6కే మూసేస్తాం. దానివల్ల మన దగ్గర సాయంత్రాలు పనిచేసే కాలేజీ అబ్బాయికి గంటలు తగ్గాయి, ఈ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. వాళ్ళ నాన్నగారితో కూడా మాట్లాడాను. అద్దెలు పెంచడం లేదు. ఐస్ సరిపోక మీ బుకింగ్ రద్దయితే మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం, వచ్చే వారం రమ్మని ఒత్తిడి చేయం.

ఫోన్లో "పర్లేదు, రండి" అనే మాట ఇక నా నోట వినరు. ఏ చోట కొలిచాను, ఎన్ని అంగుళాలు, నల్లదా తెల్లదా అనేదే చెప్తాను. షాపు బయట బోర్డు మీద రోజూ పొద్దున 7కల్లా రాస్తాను. దించాలా వద్దా అనేది మీరే నిర్ణయించుకోండి. దించితే సీటు బెల్టు తీసేయండి, అద్దాలు దించండి, బండికీ బండికీ యాభై అడుగుల ఎడం ఉంచండి. ఒకేచోట గంటల తరబడి నిలిపితే ఐస్ కుంగుతుంది, రెండు గంటలకోసారి జరపండి.

ఉత్తరం వైపు వెళ్ళేటప్పుడు నాకోసం ఇంకొన్ని చేయండి. ఆ రోడ్డులో హారన్ కొట్టొద్దు, పాటలు పెట్టొద్దు, వాళ్ళ డ్రైవ్‌వేకి అడ్డంగా ఒక్క నిమిషమైనా ఆపొద్దు. బిర్యానీ డబ్బాలు, ప్లేట్లు, టీ కప్పులు అన్నీ వెనక్కి తెచ్చి మన డస్ట్‌బిన్‌లో వేయండి. చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెప్తున్నాను, బాత్రూమ్ పని ఐస్ మీద చేయొద్దు. వసంతంలో అదంతా ఆ నీళ్ళలోకే వెళ్తుంది. బయల్దేరే ముందు వీలైతే కారు కింద అంటిన ఉప్పు ఊళ్ళోనే కడిగించండి. ఒక టీ స్పూన్ ఉప్పు ఐదు గ్యాలన్ల నీళ్ళని పాడుచేస్తుందని మన రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థ చెబుతోంది. ఒకసారి కలిసిన ఉప్పుని మళ్ళీ తీయలేం.

నడిచి వెళ్ళేవాళ్ళకి, స్లెడ్ లాక్కెళ్ళేవాళ్ళకి మన ఒడ్డు ఎప్పటిలాగే తెరిచి ఉండాలన్నదీ నేను బోర్డుకి రాసేదాంట్లో ఉంది. వాగుకి దూరంగా, తూర్పు పక్క నుంచి జెండాలు పాతి దారి చూపిస్తాం. సంతకాల కాగితం వెనక్కిచ్చినందుకు ఇటువైపు ఇద్దరు పాత స్నేహితులు షాపుకి రావడం మానేశారు. వాళ్ళ ఇళ్ళకి నేనే వెళ్తాను.

మీటింగ్ వచ్చే మంగళవారం సాయంత్రం 7 గంటలకి టౌన్‌షిప్ హాల్లో. ఈ ఊళ్ళో ఇల్లు లేకపోయినా లేక్ వాడేవాళ్ళు ఎవరైనా మాట్లాడొచ్చు. నాతో ఏకీభవించకపోయినా రండి.

ఈ పొద్దున కొలతలు: ఉత్తరం ర్యాంప్ నుంచి మూడు వందల అడుగుల లోపల 8 అంగుళాలు, నల్ల ఐస్. మన వైపు తూర్పు పక్క దారిలో 7, అదీ నల్లదే. వాగు మూతి దగ్గర 3, తెల్లది. నడిచి రావచ్చు, వాగు వైపు మాత్రం వెళ్ళొద్దు. కార్లు ఎటునుంచీ ఇంకా వద్దు. రేపు పొద్దున మళ్ళీ కొలిచి రాస్తాను.