సింగరాయకొండ బస్టాండులో మా నాయన పక్కన కూర్చున్న తమ్ముడికి

తమ్ముడూ, నీ పేరు అడిగేలోపే కావలి బస్సు ఎక్కేశావు. అందుకే ఇలా రాస్తున్నా.

మొన్న నవంబరులో పింఛనుకు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వస్తూ, పొద్దుటి నుంచీ ఏమీ తినక, మా నాయన బస్టాండులో కళ్లు తిరిగి కూలబడ్డాడు. నువ్వు నీళ్లు తాగించి, జేబులోని చిన్న పుస్తకంలో నా నంబరు వెతికి ఫోన్ చేశావు. నేను టంగుటూరు నుంచి వచ్చేదాకా కదల్లేదు.

వచ్చి చూస్తే మీరిద్దరూ 1971లో ఉన్నారు. నాయన అప్పుడు బంగ్లాదేశ్ యుద్ధంలో, తూర్పు సరిహద్దులో మిలిటరీ లారీ డ్రైవరు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడనీ, దాదాపు 93 వేల మంది బందీలయ్యారనీ మాకు ఎన్నోసార్లు చెప్పాడు. అంతవరకే. ఆ బందీల్లో ఒక కుర్రాడు లారీలో ఏడుస్తుంటే తన వంతు పూరీలు వాడి చేతిలో పెట్టిన సంగతి మాత్రం నీకే చెప్పాడు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి "ఆ పూరీల సంగతి అడగన్నా" అన్నావు.

ఆ రాత్రి అడిగాను. అన్నం పళ్లెం పక్కకు జరిపి చాలాసేపు మాట్లాడాడు. వాడికీ తనకూ ఒకటే వయసట. పెట్టెలోంచి ఆ యుద్ధానికి ఇచ్చిన పూర్వీ స్టార్ పతకం తీసి నా కూతురి అరచేతిలో పెట్టాడు. అంతకుముందు దాన్ని ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు.

సంక్రాంతి వెళ్లిన పదిరోజులకు నాయన పోయాడు. పెద్దకర్మ నాడు అందరం ఆ పూరీల కథే చెప్పుకున్నాం.

నీళ్లిచ్చినందుకు సరే, ఆయన మాట విన్నందుకు నీకు దణ్ణం తమ్ముడూ. ఎప్పుడైనా ఇటు వస్తే మిలిటరీ ఆయన ఇల్లెక్కడని అడుగు, ఎవరైనా చూపిస్తారు. నీకు అన్నం పెట్టాలని అమ్మ ఎదురుచూస్తోంది.