డ్రెస్సింగ్ డబ్బాల గురించి, ఇంకా కొన్ని

చిట్టితల్లీ,

మొన్న పిన్ని ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, నువ్వు సలాడ్ డ్రెస్సింగ్ ఎక్కువెక్కువ కలిపి ఫ్రీజర్‌లో పెట్టుకుంటున్నావని చెప్పింది. మంచిదే, ఇంట్లో కలుపుకుంటే అందులో ఏం పడిందో మనకు తెలుస్తుంది. కాకపోతే డెయిరీ ల్యాబ్‌లో క్రీమూ వెన్నా చూసి చూసి రిటైరైన నాన్నను పెట్టుకుని, పిన్నిని అడగడమే నాకు వింతగా అనిపించింది. పోనీలే, పిన్నికైనా ఫోన్ ఎత్తావు. మేం చేసినప్పుడల్లా ఎంగేజ్ వస్తోంది. పని ఎక్కువై ఉంటుంది, నేనేమీ అనుకోవడం లేదు. మీ అమ్మే కాస్త టెన్షన్ పడుతోంది. ఫోన్లో చెబితే రెండో మాటకే "సరే నాన్నా, ఉంటా" అంటావు కాబట్టి రాస్తున్నాను.

ముందు అసలు సంగతి. చిక్కటి డ్రెస్సింగ్‌కీ ఫ్రీజర్‌కీ పడదు. పాడవుతుందని కాదు, విరిగిపోతుంది. దాన్ని చిక్కగా చేసేది మయోనీస్, అందులో ఉండేది చాలామటుకు నూనె, కాస్త నీళ్లు. నిమ్మరసం, వెనిగర్ అన్నా అందులో ఎక్కువ భాగం నీళ్లే కదా. ఆ రెండూ కలవవు. పచ్చసొనలో ఉండే లెసితిన్, ప్రోటీన్లు ఒక్కో నూనె బొట్టు చుట్టూ పల్చటి పొరలా పట్టుకోవడం వల్ల బొట్లు విడివిడిగా నిలబడతాయి. ఫ్రీజర్‌లో పెట్టగానే నీళ్లు ఐస్ స్ఫటికాలవుతాయి. అవి పెరుగుతూ, బస్సులో జనాన్ని వెనక్కి వెనక్కి తోసినట్టు, బొట్లన్నిటినీ ఒక మూలకు తోస్తాయి. పొరలు చిరుగుతాయి. మళ్లీ కరిగేసరికి బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నూనె పైకి తేలుతుంది. పెరుగో సవర్ క్రీమో వేసినదైతే ప్రోటీన్ ముద్దకట్టి పలుకులు పలుకులుగా తయారవుతుంది, నీళ్లు వేరే తేలతాయి. తింటే హాని లేదు, కానీ ఆకుల మీద వేసుకుని తినబుద్ధి కాదు. తినబుద్ధి కాకపోతే నువ్వు తినవు, అక్కడ వస్తుంది నా బాధ.

పిన్ని ఇంకో మాట కూడా చెప్పింది. ఒక్కో ముక్క ఒక్కరికి ఒక్క పూటకు సరిపోయేలా ఐస్ ట్రేలో పోస్తున్నావట. నీతో ఉండే స్వాతి ఈమధ్య సలాడ్ మానేసిందా? నీకంటే తనే ఎక్కువ తినేదని నువ్వే చెప్పేదానివి. ఊరికే అడిగాను. చెప్పాలని లేకపోతే చెప్పనక్కర్లేదు.

ట్రేలో పోయడం మాత్రం సరైన పనే. పెద్ద డబ్బా నిండా గడ్డకట్టిస్తే మొత్తం కరిగించాలి, మిగిలింది మళ్లీ ఫ్రీజర్‌లో తోయాలనిపిస్తుంది, రెండోసారికి ఇంకా విరుగుతుంది. ముక్కలు గట్టిపడ్డాక జిప్ సంచిలోకి మార్చి, గాలి తీసేసి, మీద తేదీ రాయి. తేదీ లేని సంచి ఎప్పటిదో రెండు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ చలిలో క్రిములు పెరగవు, కానీ చావవు కూడా. పచ్చి గుడ్డుతో నువ్వే మయోనీస్ చేస్తే సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటే అలాగే ఉంటుంది, కరిగాక మళ్లీ లేస్తుంది. పాశ్చరైజ్ చేసిన గుడ్లు దొరికితే అవే వాడు. లేదా పచ్చసొనను నిమ్మరసం, కాసిని నీళ్లతో కలిపి సన్నటి సెగ మీద తిప్పుతూ 71 డిగ్రీలు రానిచ్చి, చల్లారాక నూనె పొయ్యి. థర్మామీటర్ లేదంటావు. ఒకటి కొనుక్కో, నేను డబ్బులు పంపిస్తాను.

ఇదంతా చదువుతుంటే నీకు బాబాయి సీసాల కథ గుర్తొచ్చి ఉండాలి. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలిసింది చివర జరిగిన గొడవ మాత్రమే. పిన్ని ఇంకా మన ఇంట్లోకి రాలేదు. బాబాయి కొత్త ఉద్యోగంలో చేరి ఒంటిగదిలో ఉండేవాడు. వారాల తరబడి ఫోన్ లేదు. నానమ్మ అడిగితే బాగానే ఉన్నాడులే అని నేనే సర్దిచెప్పేవాణ్ణి. అక్క పుట్టినరోజుకి సలాడ్లు నా బాధ్యత అని వాడే కబురు చేశాడు. మేం పొంగిపోయాం. మయోనీస్, పెరుగు, వెల్లుల్లి, ఏవో ఆకులు కలిపి అదివరకే గాజు సీసాల్లో అంచుదాకా నింపి ఫ్రీజర్‌లో పెట్టేశాడు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, మనిషన్నవాడు సీసాలో కాస్త ఖాళీ వదలాలి. రెండు సీసాలు లోపలే పగిలాయి. మిగతావి పొద్దున్నే సంచిలో తెచ్చి వంటింటి గట్టు మీద వరసగా పెట్టి, "కరిగేదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అని హుకుం జారీ చేశాడు.

మధ్యాహ్నానికి చూస్తే పైన వేలెడు మందాన నూనె, మధ్యలో తెల్లటి పలుకులు, అడుగున పచ్చటి నీళ్లు. నువ్వు స్టూలెక్కి తొంగిచూసి "బాబాయ్, ఇది దీపంలో పోసే నూనెనా?" అన్నావు. వాడి మొహం చూడాలి. మిక్సీలో వేసి తిప్పాడు. మిక్సీ వేడికి ఇంకా పల్చబడి మజ్జిగలా అయింది. మీ అమ్మ కార్న్‌ఫ్లోర్ కలపమంది, నానమ్మ పారబొయ్యమంది. నేనూ పారబొయ్యమనే అన్నాను. పెరుగు, గుడ్డు ఉన్న పదార్థం గట్టు మీద రెండు గంటలకు మించి ఉంటే ఇంక దాని జోలికి పోకూడదు, వేసవిలో అయితే గంటే. వాడు ఒప్పుకోడే! రాత్రంతా కూర్చుని ఆకులన్నీ ఒక్కడే తరుక్కున్నాడట, అదీ బాధ. చివరికి మీ పెదనాన్న చూసింది ఫ్రిజ్‌లో కింది అరలో వాడే మర్చిపోయిన ఒక సీసా. అది చల్లగా కరిగింది. గిన్నెలో ఒక చెంచా మస్టర్డ్, ఒక చెంచా కొత్త మయోనీస్ వేసి, ఆ విరిగినదాన్ని చెంచా చెంచాగా పోస్తూ గిలక్కొట్టమన్నాను. చాలాసేపు పట్టింది కానీ కూడుకుంది. ఆ రోజు రాత్రి అందరూ పడుకున్నాక వాడు నాతో చాలాసేపు కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నామో నీకు అక్కర్లేదు. ఆ నెలలోనే గది ఖాళీ చేసి కొన్నాళ్లు మన ఇంటికొచ్చి ఉన్నాడు, అంతవరకు తెలిస్తే చాలు. ఇక్కడ గది ఇప్పటికీ ఖాళీగానే ఉంది. అందులో పెట్టిన కుట్టుమిషన్ తీసేస్తే సరిపోతుంది. అంటే, వేసవి సెలవులకని అంటున్నాను.

సరే, మళ్లీ సంగతికొస్తాను. కరిగించాలంటే రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చు, పొద్దున ఇందాక చెప్పినట్టు గిలక్కొట్టు. అయినా కుదరకపోతే వేడి వేడి బంగాళదుంపల్లోనో, ఏదైనా వేపుడు మీద పూసి ఓవెన్‌లోనో వాడెయ్యి, వండితే ఆ పలుకులు తెలియవు.

నన్నడిగితే డ్రెస్సింగ్ మొత్తాన్ని ఫ్రీజర్‌లో పెట్టే పనే వద్దు. ఆలస్యమయ్యేది ఆకులు తరగడం దగ్గర. కొత్తిమీర, పార్స్‌లీ, ఏవైనా సరే, తరిగి నూనెతో కలిపి ట్రేలో పోసి గడ్డకట్టించు. ఆకులూ నూనే కాబట్టి విరిగే గొడవే లేదు. తినే రోజు చిక్కటి పెరుగులో ఒక ముక్క వేస్తే ఐదు నిమిషాల పని. ఆకులైనా వెల్లుల్లైనా నూనెలో కలిపాక మాత్రం జాగ్రత్త, గట్టు మీద వదలకు. నూనె అడుగున గాలి తగలదు, అలాంటి చోటే బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిమి పెరుగుతుంది. దాని విషానికి వాసన ఉండదు, రంగు మారదు. వెంటనే ఫ్రీజర్‌లో పెట్టు, ఫ్రిజ్‌లో అయితే నాలుగు రోజులు దాటనివ్వకు.

ఫ్రిజ్ 4 డిగ్రీలకు మించకూడదు. డ్రెస్సింగ్ సీసా తలుపు అరలో పెట్టకు, తెరిచినప్పుడల్లా వేడిగాలి తగిలేది దానికే. లోపల వెనక్కి పెట్టు. తిన్న చెంచా సీసాలో ముంచకు. ఈ మాట నీకు చిన్నప్పటి నుంచీ చెబుతున్నాను, ముంచుతావని తెలిసే చెబుతున్నాను. పచ్చి గుడ్డుది మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. కొన్న సీసాలకు ఆమ్లం ఎక్కువ, గుడ్లు పాశ్చరైజ్ చేసినవి, అందుకే అవి ఎక్కువ కాలం ఆగుతాయి. ఆ లెక్క మనం కలిపినదానికి వర్తించదు. ఇంకోటి, సలాడ్ ఒక్కటే రాత్రి భోజనం అనుకుంటున్నావేమో, దాంట్లో ఉడికించిన గుడ్డో శనగలో వెయ్యి. మనిషి సన్నబడిందని పిన్ని అనలేదు, నేనే ఊహించుకుంటున్నాను.

ఇల్లు మారుతున్నావన్న మాట కూడా ఎవరో అన్నారు. పిన్ని కాదులే. మారితే మారు, అద్దె సంగతి మాట్లాడుకుందాం. ఫ్రీజర్ ఖాళీ చేసే ముందు మాత్రం ఆ ముక్కలు తినేసెయ్యి, సామాన్ల లారీలో కరగనిచ్చి మళ్లీ గడ్డకట్టించకు.

కొలత రాస్తున్నాను. చిక్కటి పెరుగు అరకప్పు, మయోనీస్ రెండు టేబుల్ స్పూన్లు, మస్టర్డ్ అర టీస్పూన్, నిమ్మరసం ఒక టీస్పూన్, ఉప్పు, మిరియాల పొడి, ఆకుల ముక్క ఒకటి. పెరుగు పుల్లగా ఉంటే నిమ్మరసం తగ్గించు. ఇది ఇద్దరికి సరిపోతుంది. ఒక్కదానివే అయితే అన్నీ సగం వెయ్యి. ఏ కొలత వేశావో ఆదివారం ఫోన్ చేసి చెప్పు, తొమ్మిది తర్వాతైతే మీ అమ్మ కూడా ఖాళీగా ఉంటుంది.

నాన్న