చమురు తెట్టు ఎత్తేవాడి తల సంగతేమిటి?

సంపాదకులు గారికి,

వేట నిషేధం రోజుల్లో మా జగన్నాథపురంలో పడవలకు రంగులేస్తారు. మూతికి తువ్వాలు కట్టుకుని థిన్నర్ కలిపిన రంగు పూస్తుంటే మధ్యాహ్నానికి తల దిమ్మెక్కుతుంది, అన్నం సయించదు. ‘కాసేపు గాలికి కూర్చోరా, అదే పోద్ది’ అంటారు పెద్దవాళ్లు. పోతుంది కూడా. కానీ అలాంటి ఘాటే వారాల తరబడి పీలిస్తే?

2010 ఏప్రిల్ 20న అమెరికా తీరంలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే రిగ్గు పేలి 11 మంది పోయారు. చమురు 87 రోజులు కారింది. తెట్టును విడగొట్టడానికి కోరెక్సిట్ అనే మందు దాదాపు 70 లక్షల లీటర్లు వాడారు. కొంత విమానాలతో చల్లారు, కొంత సముద్రం అడుగున బావి మూతి దగ్గరే వదిలారు. సబ్బులాంటి పదార్థం, ద్రావకాలు కలిసిన సరుకది. చమురును మాయం చేయదు, కంటికి ఆననంత సన్నని బొట్లుగా చీలుస్తుంది. అల విరిగినప్పుడు ఆ తుంపర గాలిలోకి లేస్తుంది.

అక్కడి వృత్తి భద్రతా పరిశోధకులు ఎలుకలకు ఈ మందు పీల్పించి చూస్తే, మెదడులో వాసన పసిగట్టే భాగంలోనూ, కదలికలను నడిపే భాగంలోనూ కొన్ని ప్రొటీన్లు తగ్గాయి. ఎలుక మనిషి కాదు, నిజమే. అయితే 2019లో అమెరికా కోస్ట్‌గార్డ్ సిబ్బందిపై వెలువడిన పరిశీలన మనుషుల గురించే. చమురొక్కటే తగిలినవారికన్నా, చమురూ మందూ రెండూ తగిలినవారిలో తలనొప్పి, తల తిరగడం, ధ్యాస నిలవకపోవడం లాంటి బాధలకూ ఆ తగలడానికీ సంబంధం మరింత గట్టిగా కనిపించింది.

మనకెందుకు ఈ గొడవ అనకండి. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ చమురు, గ్యాస్ బావులు మా ఎదురుగానే ఉన్నాయి. 2017లో చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర ఓడలు ఢీకొన్నప్పుడు చమురును బకెట్లతో ఎత్తారు. రేపు ఇక్కడ జరిగినా ముందు పిలిచేది మా కుర్రాళ్లనే. చేతికి గ్లౌజులిస్తారేమో. ముక్కుకు? గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, కార్బన్ గుళికల మాస్కు కావాలి.

చమురు ప్రమాదాలకు 1996 నుంచే జాతీయ ప్రణాళిక ఉంది. కాకినాడ వరకైనా అందులో ఈ మాస్కుల నిల్వ చేరాలి. ఏ మందు చల్లుతున్నారో రేవులో తెలుగులో రాసి పెట్టాలి. పనిలోకి దిగేవాళ్ల పేర్లు రాసుకుని, ముందోసారి, తర్వాత కొన్నేళ్లపాటూ వైద్య పరీక్షలు చేయించాలి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో మర పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ పేర్లేవో అప్పుడు రాసుకోవచ్చు.

– ఒక పాఠకుడు, జగన్నాథపురం, కాకినాడ