మళ్లీ సలుపుతున్న పన్ను గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. రూట్ కెనాల్ చేయించిన పన్ను మళ్లీ సలుపుతోందని, చిగురు మీద చీముపొక్కు లేచిందని రాశావు. నొప్పి వచ్చినప్పుడల్లా యాంటీబయాటిక్ మింగుతున్నానన్నావు చూడు, నాకు బెంగంతా దాని గురించే.

మందు రక్తంతోనే కదరా వెళ్లేది! నరం తీసేసిన పన్ను లోపల రక్తమే పారదు. మాత్రతో బయటి వాపు తగ్గుతుందేమో కానీ లోపలి బ్యాక్టీరియా అక్కడే ఉంటుంది. అందుకే నీకు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది.

"నరం లేని పన్నుకి నొప్పేంటి?" అని అడిగావు. కిందటేడు నేనూ అదే అడిగాను. డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి, వేరు కొసన కందిగింజంత నల్లటి నీడ చూపించారు. అక్కడ ఎముక కరిగిపోయిందట. నొప్పి అక్కడిది.

అంత శుభ్రం చేశాక బ్యాక్టీరియా ఎలా మిగిలిందంటావా? వేరు లోపల ఉండేది ఒక్క తిన్నని గొట్టం కాదురా. పక్క కాలువలుంటాయి, సందులుంటాయి, గోడల నిండా కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. డాక్టరు లోపల గీకి శుభ్రం చేసే సన్నటి సూదిలాంటి ఫైలు వాటిలో దూరదు. పై దవడలో మొదటి పెద్ద దంతానికి చాలామందిలో నాలుగో కాలువ ఉంటుంది, అది దొరక్కపోతే కుళ్లు అందులోనే ఉండిపోతుంది. పైగా ఈ బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుని గుంపుగా బతుకుతాయి, మందు ఆ పొర దాటడం కష్టం. ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనేదైతే మరీ మొండిది. తిండి లేకపోయినా చాలాకాలం ఓర్చుకుంటుంది, లోపల పెట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ అనే మందును కూడా తట్టుకుంటుంది.

1965లో ఒక ప్రయోగం చేశారు. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల పళ్లు తొలిచి, లోపలి మెత్తటి గుజ్జు బయటపడేలా వదిలేశారు. ఆ గుజ్జు చావలేదు, పైన గట్టి పొర కట్టుకుంది! మామూలు ఎలుకల్లో మాత్రం కుళ్లిపోయింది. ఇది చదివాకే నాకు అసలు శత్రువెవరో అర్థమైంది.

నా పన్నులోకి ఆ బ్యాక్టీరియా పైనుంచే వచ్చింది. క్యాప్ వేయించుకోవడానికి బద్ధకించి తాత్కాలిక ఫిల్లింగ్‌తోనే నాలుగు నెలలు గడిపాను. దాని అంచు రాలి, ఉమ్మి లోపలికి దిగింది. కాలువలో నింపిన రబ్బరులాంటి పాత గట్టాపర్చా తీసి మళ్లీ మొదటి నుంచి కడగాల్సి వచ్చింది. ఈసారి ఉమ్మి పడకుండా పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పల్చటి రబ్బరు తెర కట్టారు, క్యాప్ కూడా వెంటనే వేశారు. ఆరు నెలలకి ఆ నీడ సగమైంది.

నీ పాత ఎక్స్‌రే ఉంటే తీసుకుని ఈ వారమే వెళ్లు. మళ్లీ చేయడం కుదరదంటే, వేరు కొస కోసే చిన్న ఆపరేషన్ ఉంటుంది, దాని గురించి అడుగు. మొహం వాచినా, జ్వరం వచ్చినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఏమన్నారో ఆ రాత్రే నాకు రాయి, ఎదురుచూస్తుంటాను.

నీ
రవి