నీ బస్సు బయల్దేరే ముందు

సస్కటూన్

చిన్నా,

అమ్మ ఆశీస్సులు. నిన్న నిన్ను హంబోల్ట్‌లో దించి వచ్చేటప్పుడు దారి పొడుగునా నాన్న నోరు విప్పలేదు. నూటపది కిలోమీటర్లేగా, తోచినప్పుడల్లా వెళ్ళి చూసి రావచ్చని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. నువ్వుండే ఇంట్లో ఫ్రిజ్ తలుపు చూశావా? ఇంతకు ముందు వాళ్ళింట్లో ఉండి ఐస్ హాకీ ఆడిన పిల్లల ఫొటోలన్నీ అయస్కాంతాలతో అతికించి ఉన్నాయి. ఓ మూల కాస్త ఖాళీ వదిలారు. అది నీ కోసమేనట, ఆ ఇంటావిడ చెప్పింది. ఆవకాయ సీసా నీకిచ్చిన అరలోనే పెట్టాను.

మా తాతయ్య వారాలు చేసుకుని చదువుకున్నాడు. రోజుకో ఇంట్లో భోజనం. పరాయి పిల్లాణ్ణి ఊరు పెంచడమంటే ఏమిటో ఆయన కథల్లో విన్నాను. మళ్ళీ ఇన్నేళ్ళకి ఈ మంచు దేశం కెనడాలో కళ్ళారా చూశాను.

హంబోల్ట్ ఆరువేల మంది జనాభా ఉన్న ఊరు. నువ్వు చేరిన బ్రాంకోస్ హాకీ జట్టు 1970లో పుట్టింది. దానికి సొంతదారంటూ ఎవరూ లేరు, ఊరే నడుపుకుంటోంది. అలాంటి జట్టు 2003లో, 2008లో దేశం మొత్తం మీద కుర్రాళ్ళ జట్లు ఆడే జూనియర్ ఏ కప్పు గెలిచింది. 2008 ఫైనల్లో కామ్రోజ్ జట్టు మీద 1-0తో గెలిచింది, మ్యాచి మొత్తంలో పడింది ఆ ఒక్క గోలే. నువ్వు గోల్ కాసే గోలీవి కాబట్టి ఇంకో మాట. పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొహానికి మాస్కు లేకుండా వరసగా 502 మ్యాచులు ఆడిన గ్లెన్ హాల్ పుట్టింది ఆ ఊళ్ళోనే. నువ్వు మాత్రం మాస్కు తియ్యకు.

ఇక నిన్న కారులో చెప్పబోయి చెప్పలేకపోయింది. 2018 ఏప్రిల్ 6, శుక్రవారం. నిపవిన్ అనే ఊళ్ళో ప్లేఆఫ్ మ్యాచికి, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే మ్యాచికి, బ్రాంకోస్ బస్సు వెళ్తోంది. 35, 335 నంబర్ల రోడ్లు కలిసే చోట ఒక లారీ స్టాప్ గుర్తు దగ్గర ఆగకుండా అడ్డం వచ్చేసింది. బస్సులో 29 మంది. 16 మంది పోయారు. ప్లేఆఫ్స్ కోసం పిల్లలంతా సరదాగా జుట్టుకి పసుపు రంగు వేయించుకున్నారు. అందుకే ఇద్దరు పిల్లల్ని ఒకరనుకుని ఇంకొకరని పొరబడ్డారు. పోయాడనుకున్నవాడు బతికే ఉన్నాడు, బతికాడనుకున్నవాడు పోయాడు. ఆ సంగతి బయటపడింది మూడు రోజుల తర్వాత. ఆ రెండో తల్లి గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

ఆ లారీ నడిపిన అబ్బాయి మన ఇండియా నుంచి వచ్చినవాడే. తప్పు ఒప్పుకున్నాడు, ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళలో కొందరు అతన్ని క్షమించారు, కొందరి వల్ల కాలేదు. నాకు ఇద్దరి మనసూ అర్థమవుతుంది.

ఆ వారం దేశమంతా గుమ్మాల ముందు హాకీ స్టిక్కులు పెట్టి దీపాలు వెలిగించి ఉంచారు. మనమూ పెట్టాం, నీ చిన్న స్టిక్కు, బ్లేడు మీద నల్ల టేపు ఊడిపోతున్నది. నీకప్పుడు పదేళ్ళు. తర్వాత నీ కిట్ బ్యాగు బేస్‌మెంట్‌లో, బియ్యం బస్తాల వెనక దాచేశాను. పోయిందని నీతో అబద్ధం చెప్పాను. నువ్వు ఏడ్చావు. నేను కరగలేదు.

సెప్టెంబరు 12న జట్టు మళ్ళీ ఆడింది, సొంత ఊళ్ళో, అదే నిపవిన్‌తో. ఆ బస్సులోంచి బతికి బయటపడ్డ ఇద్దరు కుర్రాళ్ళు ఐస్ మీదికి వస్తుంటే టీవీ ముందు నిలబడిపోయాను. 2-1తో ఓడిపోయారు. నాకది ఓటమిలా అనిపించలేదు. వాళ్ళ తల్లులు పంపారు కదా, నేనెందుకు ఆపాలి అనుకున్నాను. మర్నాడు పొద్దున నీ బ్యాగు పైకి తెచ్చి మంచం పక్కన పెట్టాను. ఎక్కడ దొరికిందని నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

2020 సెప్టెంబరు నుంచి కొత్తగా తయారయ్యే, హైవేల మీద తిరిగే పెద్ద బస్సులన్నిటికీ సీటు బెల్టులు ఉండి తీరాలని రూలు తెచ్చారు. బస్సెక్కగానే పెట్టుకో. నిద్రొచ్చినా, పక్కవాళ్ళు నవ్వినా తియ్యకు. ఊరు చేరగానే మెసేజ్ పెట్టు, అర్ధరాత్రయినా సరే.

శుక్రవారం మొదటి మ్యాచికి నాన్న, నేనూ వస్తున్నాం. పులిహోర ఆ ఇంటివాళ్ళకి కూడా సరిపడా చేస్తాను. ఆవిడ కారం తింటుందో లేదో కనుక్కుని చెప్పు.

అమ్మ